మూడేళ్ల చేతికి కొలత

"ఇంత బుల్లి చెంచా ఎవరికన్నా, బొమ్మలకా?"

నేను తీసుకెళ్లిన కాగితం మీద ఒక చెయ్యి గీసి ఉంది. మూడేళ్ల పాప చేతిని కాగితం మీద పరిచి, చుట్టూ పెన్సిలు తిప్పి గీసినది. ఆత్మకూరులో చిన్నపిల్లల మాంటిస్సోరి తరగతి నడిపే టీచరమ్మ దాన్ని నా చేతిలో పెట్టి, "ఈ చేతికి సరిపోయే చెంచాలు ఉదయగిరిలో చేయించుకురండి. బడి తెరిచేలోగా కావాలి" అన్నారు. తన పేరు, బడి పేరు రాయొద్దని కూడా అన్నారు.

ఉదయగిరి అంటే అందరికీ దుర్గమే. 1514లో శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుంచి గెలుచుకున్న కోట అది. ఆ రోజు నేను కొండెక్కలేదు. కొండ కింద ఇళ్లలో తరతరాలుగా సాగుతున్న చెక్కపని కోసం వెళ్లాను. నర్ది, బిక్కి లాంటి అడవి చెక్కలతో చేసే ఇక్కడి చెంచాలకు, గరిటెలకు భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. నేను కూర్చున్న వసారాలో ఒకావిడ చెక్కముక్కను కాలితో అదిమిపట్టి ఆకురాయితో రాస్తోంది. పక్కన పొట్టు కుప్ప. ఆకురాయి పని అయ్యాక గరుకు కాగితం, ఆ తర్వాత బొటనవేలు. గరుకు కాగితం పట్టుకోలేని గరుకుతనాన్ని ఆమె బొటనవేలు పట్టుకుంటుంది. ఒక్కచోట ఆగిందంటే మళ్లీ రాస్తుంది.

బొమ్మలకు కాదు, వాటిని నిజంగా వాడే పిల్లలకేనని చెప్పాను. ఆమె కాగితం మీద తన వేళ్లు పెట్టి కొలుచుకుంది. "అట్టయితే కాడ పొట్టిగా ఉంటే చాలదన్నా, సన్నంగా కూడా ఉండాల. లావుదైతే పిడికిలితో పట్టుకుంటారు" అంది. బోధన శిక్షణలో నెలల తరబడి చెప్పే సంగతిని ఆమె ఒక్క చూపులో పట్టేసింది. పది చెంచాలు మాట్లాడుకున్నాం.

జూన్ 12న ఆత్మకూరు. మృగశిర కార్తె వచ్చినా ఎండ చల్లబడలేదు. పడమటిగాలి వేడిగానే కొడుతోంది. తరగతి అంటే అద్దెయింట్లో పొడవాటి గది, మోకాలెత్తు అరలు. అరల్లో సగం ఖాళీ. సామాను ఇంకా రాలేదేమో అనుకున్నాను. కావాలనే అలా ఉంచారట. మొదటి వారం అరలో ఉన్నవన్నీ పిల్లలు చూడగానే చేసుకోగలిగినవే: పెసలు ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి చెంచాతో పొయ్యడం, చిన్న చెంబుతో నీళ్లు వంపడం, గుండీలు పెట్టడం. గులాబీ రంగు గోపురం అటక మీదే ఉంది. ఒక సెంటీమీటరు ఘనం నుంచి పది సెంటీమీటర్ల ఘనం దాకా పది ఘనాల గోపురమది. పిల్లలు ఒక వస్తువును తీసినచోటే పెట్టడం నేర్చుకున్నాక అటక మీది సామాన్లు ఒక్కొక్కటే కిందికి దిగుతాయి.

పిల్లలందరినీ ఒకేరోజు రానివ్వరు. నిరుడు ఇక్కడే ఉన్న నాలుగేళ్ల, అయిదేళ్ల పిల్లలు ముందు మూడురోజులు వస్తారు. గది వాళ్లదయ్యాక కొత్తవాళ్లు ఇద్దరిద్దరుగా చేరతారు. కొత్తగా వచ్చిన ఒక పిల్లవాడు గడపలోనే నిలబడి అవ్వ కావాలని ఏడుస్తుంటే టీచరమ్మ ఎత్తుకోలేదు, బుజ్జగించలేదు. వాడి పక్కనే నేల మీద కూర్చున్నారు. అయిదేళ్ల పిల్ల ఒకతి వచ్చి, వాడి ముందు తుంగచాప పరిచి, మళ్లీ చుట్టింది. రెండు అంచులూ సమంగా వచ్చేదాకా అరచేత్తో తట్టి, నిలువుగా పట్టుకుని తీసుకెళ్లి మూలన పెట్టింది. ఒక్క మాట లేదు. వాడు ఏడుపు మధ్యలో ఆపి అది చూశాడు. తర్వాత మళ్లీ ఏడ్చాడు కానీ, గడప లోపలికి వచ్చి ఏడ్చాడు.

సాయంత్రం గేటు దగ్గర ఒక తండ్రి అడిగాడు: "ఫీజు కట్టి చాపలు చుట్టించేదేంది మేడం? ఏబీసీడీలు ఎప్పుడు?" ఆయన కోపం నాకు అర్థమైంది. అప్పు చేసి కట్టిన ఫీజు అయ్యుండొచ్చు. టీచరమ్మ లోపల్నుంచి ఒక దిమ్మె తెచ్చారు. అందులో పది గుంటలు, పది గుండ్రటి చెక్కలు, ఒక్కోదాని పైన చిన్న పిడి. "ఒకటి పైకి తియ్యండి" అన్నారు. ఆయన తీశాడు. "మీ వేళ్లు చూసుకోండి. పెన్ను పట్టుకునేది ఆ మూడు వేళ్లతోనే కదా?" ఆయన కాసేపు తన చెయ్యి చూసుకున్నాడు.

ఇందులో నాకూ ఒక బాధ ఉంది. మా అమ్మాయిని మూడేళ్లప్పుడు ఒక కాన్వెంటులో వేశాం. నాలుగు గీతల పుస్తకంలో రోజూ పేజీ నిండా రాసుకురమ్మనేవారు. రాత్రి నిద్రలో కూడా దాని వేళ్లు ముడుచుకునే ఉండేవి. అప్పుడు నేనూ గేటు దగ్గర అడిగింది ఏబీసీడీల గురించే.

చేతి నుంచే చదువు మొదలవుతుందన్నది మనకు తెలియని సంగతి కాదు. అక్షరాభ్యాసంలో బియ్యంలో వేలితో రాయిస్తాం. వీధిబడుల్లో ఇసుకలో దిద్దించేవారు. గరుకు కాగితంతో కత్తిరించిన అక్షరాల మీద వేళ్లు నడిపించే మాంటిస్సోరి పద్ధతి ఆ దిద్దుడికి చుట్టమే. మరియా మాంటిస్సోరి 1907 జనవరి 6న రోములోని శాన్ లొరెంజో పేదవాడలో తొలి 'పిల్లల ఇల్లు' తెరిచి, కుర్చీలు బల్లలు పిల్లల కొలతకే చేయించింది. 1939లో శిక్షణ ఇవ్వడానికి మద్రాసు అడయారుకు వచ్చింది. మరుసటి ఏడాది ఇటలీ యుద్ధంలో దిగడంతో శత్రుదేశస్థురాలిగా ఇక్కడే చిక్కుకుపోయింది. అలా 1946 దాకా అడయారులో, కొడైకెనాల్‌లో ఉండిపోయి ఎంతోమంది ఉపాధ్యాయులను తయారుచేసింది. విజయవాడలో వి. కోటేశ్వరమ్మ గారు 1955లో మాంటిస్సోరి పేరుతో బడి పెట్టారు. ఆ పేరు మన ఊళ్లల్లో బోర్డుల మీదికి చాలా తొందరగా ఎక్కింది. ఆ కొలత కుర్చీలు, ఆ ఓపిక మాత్రం అన్నిచోట్లకీ రాలేదు.

మూడేళ్ల నుంచి ఆరేళ్లలోపు పిల్లలు ఎక్కువమంది వెళ్లేది అంగన్‌వాడీకే. ఒక్కో కేంద్రానికి నాలుగు చెంచాలు, రెండు గిన్నెలు, గుప్పెడు పెసలు ఎంతవుతాయి? పక్కనే ఉదయగిరిలో ఆ చెంచా చేసే చేతులు పని కోసం ఎదురుచూస్తున్నాయి. ఇది ఎవరికైనా చెప్పాలని అప్పటినుంచీ నా మనసులో కొట్టుకుంటోంది.

మూడు వారాల తర్వాత మళ్లీ వెళ్లాను. గదిలో పదిహేడుమంది ఉన్నా, బయట రోడ్డు మీద బస్సు పోయే చప్పుడు వినిపిస్తోంది. గడపలో ఏడ్చిన పిల్లవాడు ఉదయగిరి చెంచాతో పెసలు పోస్తున్నాడు. నాలుక కొస బయటికి వచ్చింది. చెంచా వణికింది, గింజలు చాప మీద చిందాయి. ఎవరూ పరిగెత్తలేదు. వాడు చెంచా పక్కన పెట్టి బొటనవేలు, చూపుడువేలు కలిపి ఒక్కొక్క గింజే ఏరడం మొదలుపెట్టాడు. గడియారం చూశాను, పదకొండు నిమిషాలు. చివరి గింజ చాప అల్లికలో ఇరుక్కుంటే గోటితో తీశాడు. అన్నీ గిన్నెలో వేసి, మళ్లీ మొదటినుంచి పోశాడు.

బయల్దేరుతుంటే టీచరమ్మ ఇంకో కాగితం ఇచ్చారు. ఈసారి చపాతీలు వత్తే కర్రలు కావాలట, చిన్నవి. కాగితం మీద అయిదు చేతులు ఉన్నాయి. గీతలు వంకరటింకరగా పోయి, ఒక చేతికి ఆరు వేళ్లు వచ్చాయి. ఈసారి వాటిని పిల్లలే గీశారు.