వెనక అద్దం, వాన నీళ్లు



అంబాసిడర్ వెనక అద్దం దగ్గర నీరు కారితే, తడి కనబడే చోటొకటి, నీరు వచ్చే దారి ఇంకొకటి. మా కారులో తడి వెనక సీటు మీద. ఆ సీటులోనే మన సంఘపు పెద్దమ్మ ఒకరు వారానికి రెండుసార్లు డయాలసిస్‌కు ఎల్బీనగర్ వస్తారు. కింద గోనెసంచి పరుచుకుని, "ఏం కాదయ్యగారూ" అంటారు. అది మేము చూడలేకపోయాం.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒకరు పాత రబ్బరు మీదే సిలికాన్ పూసి పంపారు. మూడు వానలకైనా ఆగలేదు. నోవహు ఓడకు లోపలా వెలుపలా కీలు పూయమన్నాడు దేవుడు. పైపూత ఒక్కటే ఎక్కడ నిలుస్తుంది?

ఎల్బీనగర్ మెకానిక్ ముందు మమ్మల్ని లైటుతో కారులో కూర్చోబెట్టారు. బయట పైపు నీళ్లు కింది అంచు దగ్గర మొదలుపెట్టి మెల్లగా పైకి పట్టారు. పైనుంచి పోస్తే అంతా తడిసి సందు ఎక్కడో తెలియదట. పై మూలకు రాగానే లోపల చుక్క పడింది. అద్దం చుట్టూ మెరిసే పట్టీ ఊడదీస్తే, కింద రేకు అంచంతా తుప్పు. గీకి, రెడాక్సైడ్ కొట్టి ఆరబెట్టారు. ఈ కార్ల తయారీ 2014లోనే ఆగిపోయింది కదా, కొత్త రబ్బరు కోసం రెండు రోజులు తిరిగాం. దాన్ని అద్దానికి తొడిగి, గాడిలో తాడు పెట్టి, సబ్బు నీళ్లు రాశారు. మేము బయట అరచేతులతో నొక్కుతుంటే, ఆయన లోపల తాడు లాగుతూ రబ్బరు అంచును రేకు మీదికి ఎక్కించారు.

ఒక రోజంతా తడవనీయొద్దన్నారు. ఆకాశం చూస్తే మబ్బు. కారు మీద టార్పాలిన్ కట్టించి, మర్నాటి డయాలసిస్‌కు అమ్మగారికి ఊళ్లో ఆటో మాట్లాడి, మేము బస్సెక్కాం.