పసిపిల్లలకీ కీళ్ళవాతం!

కీళ్ళవాతం అనగానే మనకి అత్తగార్లూ, అమ్మమ్మలూ గుర్తొస్తారు. 16 ఏళ్ళలోపు పిల్లలకి కూడా వస్తుందని మనలో ఎంతమందికి తెలుసు?

మా ఆడపడుచుది చర్ల దగ్గర పల్లె. వాళ్ళ నాలుగేళ్ళ పాప పొద్దున లేవగానే కుంటేది. పదింటికల్లా మామూలుగా ఆడుకునేది. అంగన్‌వాడీకి ఎగ్గొట్టడానికి వేషాలని ఇంట్లో కసిరారు. ఎవరో పసరుకట్టు కట్టారు. మోకాలి వాపు మాత్రం తగ్గలేదు. రెండు నెలలయ్యాక ఖమ్మం తీసుకెళితే పిల్లల డాక్టరుగారు, "పొద్దున బిగుతు ఎంతసేపు ఉంటోందమ్మా?" అని అడిగారు. అసలు సంగతి అక్కడ బయటపడింది.

ఎదిగే పిల్లల కాళ్ళనొప్పులు సాయంత్రమో రాత్రో వచ్చి తెల్లారేసరికి పోతాయి. వాపు ఉండదు. వాతమైతే పొద్దున బిగుతు ఎక్కువ, కీలు వాచి వెచ్చగా ఉంటుంది. ఇలా 6 వారాలుంటే కీళ్ళవాతమని అనుమానించాలి. దీన్ని ఖాయంగా చెప్పే రక్తపరీక్ష ఏదీ లేదు. డాక్టరు కీళ్ళు పట్టి చూసి, మిగతా జబ్బులు కావని తేల్చుకోవాలి. గొంతునొప్పి తగ్గిన రెండు మూడు వారాలకి జ్వరమొచ్చి, నొప్పి ఒక కీలు నుంచి ఇంకో కీలుకి మారుతుంటే రుమాటిక్ జ్వరం కావచ్చు. అది గుండెకి ముప్పు. మన ఏజెన్సీ పల్లెల్లో సికిల్ సెల్ జబ్బు కూడా ఉంది కనక ఆ పరీక్షా చేయించాలి. జ్వరంతో కీలు ఒక్కసారిగా వాచి, పిల్ల కాలు కదపనివ్వకపోతే చీము పట్టిందేమో, ఆ రోజే ఆస్పత్రికి వెళ్ళాలి.

మొదట నొప్పి, వాపు తగ్గే మందులిస్తారు. ఒక్కోసారి కీలులోకి ఇంజెక్షన్ ఇస్తారు. చాలామందికి మెథోట్రెక్సేట్ రాస్తారు. అది వారానికి ఒక్కసారే! రోజూ వేస్తే ప్రాణం మీదికొస్తుంది. క్యాలెండర్లో ఆ వారం చుట్టూ సున్నా చుట్టండి. ఖమ్మంలో తేలకపోతే హైదరాబాదు నిమ్స్‌లో కీళ్ళవాతానికి ప్రత్యేక విభాగం ఉంది.

కళ్ళ సంగతి మరవకండి. ఈ జబ్బులో కన్ను ఎర్రబడకుండా, నొప్పి లేకుండానే లోపల వాచి చూపు దెబ్బతినొచ్చు. డాక్టరు చెప్పిన గడువు ప్రకారం, చిన్నపిల్లలకి సాధారణంగా 3 నెలలకోసారి, కంటి పరీక్ష చేయించాలి.

ఇంట్లో మనం చేయగలిగిందీ ఉంది. పొద్దున గోరువెచ్చని నీళ్ళతో స్నానం చేయించండి. నేర్పిన కసరత్తు రోజూ చేయించండి. మోకాళ్ళ కింద దిండు పెట్టి పడుకోబెట్టకండి, కాలు వంగి అలాగే ఉండిపోతుంది. పథ్యం పేరుతో పప్పూ, గుడ్డూ, పాలూ మాన్పించకండి.

ఆ పాపకి ఆరు నెలలకి వాపు తీసింది. మందు ఇంకా సాగుతోంది.

మీ ఇంట్లో పిల్ల పొద్దున కుంటుతుంటే కసరకండి. ఎన్నింటికి లేచిందో, ఎన్నింటికి మామూలుగా నడిచిందో వారం రోజులు రాసి డాక్టరుకి చూపించండి.