చిరిగిన స్పీకరు, తప్పు పేరు

సెకండియర్ అనలాగ్ సర్క్యూట్స్ ల్యాబు గుర్తుందా? స్క్రీన్ మీద సైన్ వేవ్ తల నరికినట్టు కనిపిస్తే రికార్డు మీద సంతకం పడేది కాదు. "డిస్టార్షన్ వస్తోంది, ఇన్‌పుట్ తగ్గించు" అనేవారు సార్. నేనూ నాబ్ తిప్పి, గుండ్రటి వేవ్ గీసుకెళ్లి సంతకం పెట్టించుకున్నాను. డిస్టార్షన్ అంటే తప్పు. నా బుర్రలో అంతవరకే ఎక్కింది.

మొన్న సెలవుల్లో, రాక్ పాటల్లో గిటార్ ఆ గరగరమనే మోత ఎక్కడ మొదలైందా అని వెతుకుతుంటే 'రాకెట్ 88' అనే పాట దొరికింది. 1951 నాటిది. మూడు నిమిషాలు కూడా ఉండదు. వినడం వెంటనే అయిపోయింది గానీ, దాని వెనక కథ మాత్రం నన్ను వదల్లేదు. ఎందుకో చివర్లో చెప్తాను.

అమెరికాలో మిసిసిపీ రాష్ట్రం, క్లార్క్స్‌డేల్ అనే ఊరు. అక్కడ ఐక్ టర్నర్ అనే 19 ఏళ్ల నల్లజాతి కుర్రాడు, అంటే మన వయసు వాడే, 'కింగ్స్ ఆఫ్ రిథమ్' అని ఒక బ్యాండు నడిపేవాడు. మెంఫిస్‌లో శామ్ ఫిలిప్స్ అనే తెల్లాయన చిన్న రికార్డింగ్ స్టూడియో పెట్టాడని, వెళ్లి కలవమని బి.బి. కింగ్ వీళ్లకి చెప్పాడు. 1951 మార్చిలో బ్యాండు మొత్తం సామాను కారులో సర్దుకుని బయల్దేరింది.

దారిలో గిటార్ యాంప్లిఫయర్ పాడైపోయింది. వానకి తడిసిందని ఒకరు, కారు మీంచి కింద పడిందని ఒకరు చెప్పారు. ఎలాగైతేనేం, స్టూడియోకి చేరి చూస్తే స్పీకర్ కోన్ దెబ్బతిని ఉంది. విల్లీ కిజార్ట్ గిటార్ వాయిస్తే స్వరం బదులు బరబరమని చప్పుడు. బాగుచేయించే టైం లేదు. ఇంకెవరైనా అయితే "వేరే యాంప్ తెచ్చుకుని రండి" అని పంపేసేవారు. ఫిలిప్స్ మాత్రం ఆ కోన్‌లో కాగితం కుక్కి, వాయించమన్నాడు. విన్నాక అది సాక్సఫోన్ లాగా ఉందనిపించింది ఆయనకి. దాచిపెట్టకుండా, ఆ గిటార్‌ని రికార్డింగులో ముందుకి తెచ్చాడు.

మన భాషలో చెప్పాలంటే: కోన్ సిగ్నల్ చెప్పినట్టు కదలకపోతే, ఇన్‌పుట్‌లో లేని హార్మోనిక్స్ అవుట్‌పుట్‌లో వచ్చి చేరతాయి. ల్యాబులో దాన్ని కొలిచి ఎర్రర్ అని రాస్తాం. అక్కడ అదే పాటకి ప్రాణమైంది. తర్వాత ఈ మోత కోసమే పనిగట్టుకుని ఫజ్ పెడళ్లు తయారుచేసి అమ్మారు.

పాట దేని గురించో తెలుసా? కారు గురించి! ఓల్డ్స్‌మొబైల్ 'రాకెట్' వి8 ఇంజిన్‌తో తెచ్చిన 88 మోడల్. మెకానికల్ వాళ్లు సంతోషించొచ్చు.

ఆ జూన్‌కల్లా పాట బిల్‌బోర్డ్ రిథమ్ అండ్ బ్లూస్ పట్టికలో మొదటి స్థానానికి వెళ్లింది. మొట్టమొదటి రాక్ అండ్ రోల్ రికార్డు ఇదేనని చాలామంది అంటారు, కాదని వాదించేవాళ్లూ ఉన్నారు. ఏదేమైనా మరుసటి ఏడాదే ఫిలిప్స్ సొంతంగా సన్ రికార్డ్స్ మొదలుపెట్టాడు. 1954లో ఎల్విస్ ప్రెస్లీ మొదటి రికార్డు వచ్చింది అక్కణ్నుంచే.

ఇప్పుడు అసలు సంగతి. షికాగోలోని చెస్ కంపెనీ ఆ రికార్డు విడుదల చేసినప్పుడు లేబుల్ మీద వేసిన పేరు 'జాకీ బ్రెన్‌స్టన్ అండ్ హిజ్ డెల్టా క్యాట్స్'. బ్రెన్‌స్టన్ ఆ బ్యాండులో సాక్సఫోన్ వాయించేవాడు, ఈ పాట పాడింది అతనే. కానీ డెల్టా క్యాట్స్ అనే బ్యాండే లేదు. బ్యాండు ఐక్‌ది, పియానో ఐక్‌ది. లేబుల్ మీద అతని పేరు లేదు. కిజార్ట్ పేరు సరేసరి.

ఐక్ మంచివాడని చెప్పడం లేదు. అతను పెట్టిన హింస గురించి తర్వాత టీనా టర్నర్ తన ఆత్మకథలో రాశారు. అది మర్చిపోకూడదు. బ్రెన్‌స్టన్ దొంగ అని కూడా అనను. ఆ పాటకి ఆధారం జిమ్మీ లిగిన్స్ పాడిన 'క్యాడిలాక్ బూగీ' అని అతనే ఒప్పుకున్నాడు. పాట హిట్టయ్యాక సొంత బ్యాండు పెట్టాడు, అలాంటి హిట్టు మళ్లీ రాలేదు. కొన్నేళ్లకి తిరిగొచ్చి ఐక్ బ్యాండులోనే సాక్సఫోన్ వాయించాడు.

ఇక నా సంగతి. పోయినేడు టెక్ ఫెస్ట్‌లో మా టీం ఆడియో యాంప్లిఫయర్‌కి రెండో బహుమతి వచ్చింది. ముందు రోజు రాత్రి దాకా అందులోంచి హమ్ తప్ప ఏమీ వినపడేది కాదు. నేను హాస్టల్ గదిలో పీపీటీకి రంగులు మారుస్తున్నాను. మా వాడొకడు ఒంటిగంట దాకా కూర్చుని, గ్రౌండ్ వైర్లన్నీ పీకి, ఒకే పాయింట్‌కి తెచ్చి మళ్లీ సోల్డర్ చేశాడు. హమ్ పోయింది. పొద్దున ప్రజెంటేషన్ నేనిచ్చాను. "ఈ నాయిస్ ఎలా తగ్గించారు?" అని జడ్జి అడిగితే, "గ్రౌండింగ్ మార్చాను సార్" అన్నాను. మార్చాం అని కూడా అనలేదు. సర్టిఫికెట్ మీద నా పేరు, పక్కన 'అండ్ టీం' అని పడింది.

వాడు వెనక వరసలో నిలబడి చప్పట్లు కొట్టాడు. రాత్రి మెస్‌లో నేనే కదిపితే, "పర్లేదు మామా, ఎవడు చెప్తే ఏంటి" అన్నాడు. నేనూ హమ్మయ్య అనుకున్నాను. వాడు పర్లేదన్నాడని కాదు, విషయం అక్కడితో అయిపోయిందని.

అయిపోలేదు. 'రాకెట్ 88' లేబుల్ ఫోటో చూస్తుంటే నాకు ఆ సర్టిఫికెట్టే కనిపించింది. పాడైన స్పీకర్‌కి ఒక కాగితం ముక్కతో దారి దొరికింది. తప్పు పేరు వేస్తే అలా కుదరదు, ఎవరో ఒకరు నోరు తెరిచి చెప్పాలి.

అందుకే చెప్తున్నాను. ఆ యాంప్లిఫయర్ హమ్ పోగొట్టింది నేను కాదు. పేరు రాస్తానంటే "మ్యాగజైన్‌లో వద్దురా బాబూ" అని దండం పెట్టాడు గనక ఇక్కడ రాయడం లేదు. గిట్‌హబ్‌లో మాత్రం మా ప్రాజెక్టు పేజీలో వాడి పేరు మొదట పెట్టాను. ఈ సెమిస్టర్ రివ్యూలో ప్రజెంటేషన్ వాడిదే. స్టేజీ అంటే భయమంటున్నాడు. పీపీటీకి రంగులు మాత్రం నేనే మారుస్తాను.