పిడికెడు బియ్యం, రెండు పేపర్లు

ప్రతి సంవత్సరం మే, జూన్ నెలలు వచ్చేసరికి మన సంఘాలలో కృతజ్ఞతా కూడికలు ఎక్కువగా జరుగుతుంటాయి. టెన్త్‌లో ఎవరికి ఎన్ని మార్కులు, ఇంటర్‌లో ఎవరికి ఎన్ని మార్కులు అని పాస్టరుగారు చదువుతుంటే, ఆ పిల్లల తల్లిదండ్రులు సంతోషంతో తలెత్తుకొని కూర్చుంటారు. అది మంచిదే. మేము కూడా అలా కూర్చున్నవాళ్ళమే. అయితే ఆ కూడిక జరిగిన ఆరు నెలలకు మా ఇంట్లో ఏం జరిగిందో చాలామందికి తెలియదు. పిల్లలను దూరపు కాలేజీలకు పంపబోతున్న కుటుంబాలకు ఉపయోగపడుతుందేమోనని, సిగ్గు విడిచి ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

మాది బాపట్లకు దగ్గరలో ఒక పల్లె. రెండెకరాల కౌలు సేద్యం, ఒక గేదె, ఇదే మా ఆస్తి. మా పెద్దమ్మాయి పదో తరగతి ఊళ్ళోను, ఇంటర్ బాపట్లలోను తెలుగు మీడియంలోనే చదివింది. 2013లో ఇంటర్ మంచి మార్కులతో ప్యాసైంది. అప్పటి మా పాస్టరుగారు ఒక సాయంత్రం ఇంటికొచ్చి, "అమ్మాయిని తాంబరం పంపండి. మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో బీఎస్సీ కెమిస్ట్రీకి దరఖాస్తు పెడదాం" అన్నారు. మేము భయపడ్డాం. పాస్టరుగారే దరఖాస్తు నింపి పంపారు. ప్రభువు కృపను బట్టి ప్రభుత్వ సహాయం ఉన్న విభాగంలోనే సీటు వచ్చింది. కాబట్టి కాలేజీ ఫీజు మోయగలిగినంతే. హాస్టలు, భోజనం ఖర్చు మాత్రం మా శక్తికి మించింది.

అప్పుడు మా స్త్రీల సమాజం ముందుకొచ్చింది. మా సంఘంలో స్త్రీలు అన్నం వండేటప్పుడు ఎసట్లో పోసే బియ్యంలోంచి పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తారు. నెలాఖరున ఆ బియ్యమంతా గుడికి తెచ్చి అమ్ముతారు. ఆ సొమ్ము ఆ సంవత్సరం మా అమ్మాయి హాస్టలు ఖర్చుకు ఇవ్వాలని తీర్మానించారు. అందులో కూలికి వెళ్తేనే పొయ్యి వెలిగే ఇళ్ళు కూడా ఉన్నాయి. జూన్‌లో కృతజ్ఞతా కూడిక పెట్టి, భోజనాలు పెట్టి, అమ్మాయిని రైలెక్కించాం. మా ఊరినుంచి మద్రాసు చదువుకు వెళ్ళిన మొదటి ఆడపిల్ల అని అందరూ చెప్పుకుంటుంటే మా గుండెలు ఉప్పొంగిపోయాయి.

డిసెంబరులో ఫోను వచ్చింది. మొదటి సెమిస్టరులో రెండు పేపర్లు పోయాయి. ఒకటి ఇంగ్లీషు, రెండోది కెమిస్ట్రీ. ఏ సబ్జెక్టు కోసం పంపామో అదే పోయింది. అక్కడ దాన్ని అరియర్ అంటారట.

ఆ రోజు మేము ఏం చేశామో చెప్పడానికి ఇప్పటికీ బాధగానే ఉంటుంది. "సంఘమంతా పిడికెడు పిడికెడు బియ్యం తీసి పంపిస్తుంటే నువ్వు చేసింది ఇదా?" అని అరిచాం. అది చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "నేను ఇంటికొచ్చేస్తాను నాన్నా, పొలం పనికొస్తాను" అని ఫోను పెట్టేసింది. ఆ ఆదివారం గుడి దగ్గర పాస్టరుగారు, "అమ్మాయి పరీక్షలు ఎలా రాసింది?" అని అడిగితే, "బాగానే రాసిందయ్యగారూ" అన్నాం. అబద్ధమాడి వెళ్ళి ముందు వరుసలో కూర్చొని పాటలు పాడాం.

రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. మూడో రోజు రైలెక్కాం. మద్రాసు సెంట్రల్‌లో దిగి, ఎదురుగా ఉన్న పార్క్ స్టేషనులో లోకల్ రైలు పట్టుకొని తాంబరం చేరాం. స్టేషనుకు తూర్పు వైపునే కాలేజీ. లోపలికి అడుగుపెడితే అది కాలేజీయా, అడవియా అనిపించింది. చెట్లకింద నడుస్తుంటే దూరంగా జింకలు కనిపించాయి.

అమ్మాయి చిక్కిపోయి ఉంది. మమ్మల్ని చూసి ఏడ్చింది. మెల్లగా కూర్చోబెట్టి అడిగితే అప్పుడు అసలు సంగతి చెప్పింది. "అమ్మా, పాఠం నాకు తెలుసు. ఉత్ప్రేరకం అంటే నాకు తెలుసు. వాళ్ళు క్యాటలిస్ట్ అంటారు. అది ఉత్ప్రేరకమేనని నాకు తట్టేసరికి మేడంగారు బోర్డు తుడిచేసి తర్వాత పాఠానికి వెళ్ళిపోతారు. ఆమ్లం, క్షారం, ద్రావణం, అన్నీ అంతే. అడగాలంటే నవ్వుతారేమోనని భయం" అంది. ఆరు నెలలు ఆ పిల్ల క్లాసులో ఒక్క ప్రశ్న కూడా అడగలేదు! మేము వారంవారం ఫోను చేసి, "బాగా చదువుతున్నావా?" అని అడిగామే గాని, "అక్కడ చెప్పేది నీకు అర్థమవుతోందా?" అని ఒక్కసారైనా అడగలేదు.

హాస్టలు బాధ్యత చూసే మేడంగారిని కలిశాం. ఆమె కోప్పడతారనుకున్నాం. ఆమె టీ తెప్పించి, "మీ అమ్మాయి ఒక్కతే కాదండీ. సొంత భాషలో చదువుకొని వచ్చిన పిల్లలకు మొదటి సంవత్సరం ఇలాగే ఉంటుంది. తప్పిన పేపరు మళ్ళీ రాసుకోవచ్చు. ఇల్లు దాన్ని వదిలేస్తేనే కష్టం" అన్నారు. ఆ మాట మాకు సూటిగా తగిలింది.

ఆ సాయంత్రం కాలేజీలో పనిచేసే ఒక తెలుగు పెద్దాయన మమ్మల్ని ఆవరణంతా తిప్పి చూపించారు. ఆ కాలేజీకి 1837లో స్కాట్లండు మిషనరీ జాన్ ఆండర్సన్ దొరగారు మద్రాసు ఆర్మీనియన్ వీధిలో పెట్టిన చిన్న బడి మొదలట. 1862లో వచ్చిన విలియం మిల్లర్ దొరగారు దాన్ని పెంచి పెద్ద కాలేజీని చేశారు. 1877 నుంచి దాని పేరు మద్రాస్ క్రిస్టియన్ కాలేజీ. పట్నంలో చోటు చాలక 1937లో తాంబరానికి మార్చారు. అప్పుడు ఈ 360 ఎకరాల పైచిలుకు నేలలో ముళ్ళపొదలే ఎక్కువ. ఎడ్వర్డ్ బార్న్స్ అనే ప్రొఫెసరుగారు, ఆయన భార్య ఆలిస్ అమ్మగారు ఓపికగా మొక్కలు నాటి పెంచితే ఇంత వనమైంది. ఆ బార్న్స్‌గారు చెప్పింది కూడా కెమిస్ట్రీయేనట. ఆ మాట విని మా అమ్మాయి మొదటిసారి చిన్నగా నవ్వింది.

ఆయన సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారి సంగతి కూడా చెప్పారు. రాధాకృష్ణన్‌గారు తెలుగు కుటుంబంలో పుట్టినవారు. వేలూరులోని మిషను కాలేజీలో చదివి 1904లో ఈ కాలేజీలో చేరారు. ఆయన తత్త్వశాస్త్రం తీసుకోవడానికి కారణం మొదటినుంచీ ఉన్న గొప్ప ఆశయమేమీ కాదట. ఇంట్లో డబ్బు లేదు. బంధువొకాయన తన చదువు ముగించుకొని పాత తత్త్వశాస్త్ర పుస్తకాలు ఇచ్చేశారు. కొనే పని లేదు కదా అని అదే చదివారు. ఎం.ఎ.కు ఆయన వేదాంతంలోని నీతిని సమర్థిస్తూ వ్యాసం రాశారు. అది చూసి తన గురువు ఏ.జి. హాగ్‌గారు నొచ్చుకుంటారేమోనని భయపడ్డారు. కాని హాగ్‌గారు ఎంతో మెచ్చుకున్నారు. ఆ విద్యార్థే 1962లో మన రాష్ట్రపతి అయ్యారు. ఆయన పుట్టినరోజునే మనం ఉపాధ్యాయ దినం చేసుకుంటున్నాం.

"చూశారా," అన్నారు ఆ పెద్దాయన, "ఇంకొకరి చేతిలోంచి వచ్చిన పుస్తకాలతో ఎంత దూరం వెళ్ళారో! శిష్యుడు తనతో ఏకీభవించకపోయినా పని బాగుంటే మెచ్చుకున్న గురువు కూడా ఉండాలి. క్రైస్తవ కాలేజీ అంటే ఉదయం ప్రార్థన ఒక్కటే కాదండీ."

తిరుగు రైల్లో మేమిద్దరం పెద్దగా మాట్లాడుకోలేదు. ఊరు చేరిన వారం ప్రార్థన కూడికలో మాత్రం ఇద్దరం లేచి నిలబడ్డాం. "అమ్మాయికి రెండు పేపర్లు పోయాయి. పాస్టరుగారికి మేము అబద్ధం చెప్పాం. మీరిచ్చిన బియ్యం వృథా అయిందేమోనని సిగ్గుపడి దాచాం. క్షమించండి" అన్నాం. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత వెనకనుంచి ఒక ముసలమ్మ లేచింది. కూలికి వెళ్ళి బతికే మనిషి. ప్రతి నెలా తన డబ్బా తప్పకుండా తెచ్చేది. "ఏందయ్యా ఈ ఏడుపు? ఊడ్పుల్లో నాలుగు మొక్కలు చస్తే మడంతా దున్నేస్తామా? ఆ చోట మళ్ళీ నాటుకోమూ? పిల్లను తిట్టబాకండి. నా బియ్యం నేను ఇస్తానే ఉంటా" అంది. బీద విధవరాలు కానుకపెట్టెలో వేసిన రెండు కాసుల సంగతి మేము ఎన్నోసార్లు విన్నాం. ఆ రాత్రి మాత్రం కళ్ళతో చూశాం.

అక్కడ అమ్మాయి కూడా ఒక పని మొదలుపెట్టింది. ఒక పొడుగు నోటుబుక్కు తీసుకొని ఎడమవైపు తెలుగు మాట, కుడివైపు ఇంగ్లీషు మాట రాసుకుంటూ వచ్చింది. దాని గదిలో మిజోరాం అమ్మాయి ఒకతె ఉండేది. ఆ పిల్లకు లెక్కలు రావు, ఇంగ్లీషు బాగా వచ్చు. మావాళ్ళది తలకిందులు. రాత్రి భోజనమయ్యాక ఒకరికొకరు చెప్పుకునేవారు. మేము పంపిన ఆవకాయ జాడీ ఆ మిజోరాం పిల్లే ముందు ఖాళీ చేసేదట! తెలిసీ తెలియని ఇంగ్లీషులోనైనా సరే, రోజుకు ఒక ప్రశ్న అడిగి తీరాలని ఇద్దరూ పందెం వేసుకున్నారు. మొదటి రోజు కొందరు నవ్వారు. నాలుగో రోజుకు నవ్వడం మానేశారు.

2014 ఏప్రిల్‌లో ఆ రెండు పేపర్లూ ప్యాసైంది. 2016లో ఫస్ట్ క్లాసులో డిగ్రీ పూర్తి చేసింది. తర్వాత బి.ఎడ్. చేసి ఇప్పుడు ఒక హైస్కూల్లో పిల్లలకు సైన్సు చెబుతోంది. కాలేజీ ఫస్టు రాలేదు, బంగారు పతకమూ రాలేదు. కాని ఆ పొడుగు నోటుబుక్కు ఉంది చూశారూ, దానికి ఇప్పుడు మా ఊళ్ళో చాలా గిరాకీ. ఇంటర్ తర్వాత ఇంగ్లీషు మీడియానికి వెళ్ళే ప్రతి పిల్లా, పిల్లవాడూ దాన్ని జిరాక్సు తీసుకొని వెళ్తారు. అట్ట ఊడిపోతే రెండుసార్లు కుట్టించాం. ఇంకొకరి చేతిలోంచి వచ్చిన పుస్తకమంటే ఏమిటో మాకు ఇంట్లోనే అర్థమైంది.

ప్రియులారా, తలాంతుల ఉపమానంలో యజమాని తప్పుపట్టింది భయపడి పాతిపెట్టినవానిని. మా అమ్మాయి ఆరు నెలలు తన ప్రశ్నలను పాతిపెట్టింది. మేము దాని ఓటమిని పాతిపెట్టాం. రెండింటికీ కారణం భయమే. మార్కులు దేవుని దీవెనే, కాదనడం లేదు. కాని మార్కులు వచ్చినప్పుడు మాత్రమే బిడ్డ మనదని, సంఘానిదని అనుకుంటే, ఆ బిడ్డ కష్టం వచ్చినప్పుడు ఎవరి దగ్గరకు వెళ్తుంది?

ఆ తర్వాతి జూన్ నుంచి మా సంఘంలో కృతజ్ఞతా కూడిక రోజున ఒక కొత్త అలవాటు వచ్చింది. ప్యాసైన పిల్లల పేర్లు చదివాక, పరీక్ష తప్పినవారిని కూడా ముందుకు పిలిచి, తలమీద చెయ్యి ఉంచి ప్రార్థిస్తారు. మొదట్లో ఎవరూ రాలేదు. ఆ సంవత్సరం సెలవులకు వచ్చిన మా అమ్మాయే ముందు లేచి వెళ్ళి నిలబడింది. దాని వెనకే మరో ముగ్గురు వచ్చారు.

మీ పిల్లలు హాస్టలు నుంచి ఫోను చేసినప్పుడు ముందు అన్నం తిన్నారా అని అడగండి. తర్వాత, పాఠం అర్థమవుతోందా అని అడగండి. మార్కుల సంగతి ఆఖరున అడగవచ్చు. ప్రభువు మీ పిల్లలను, వారి చదువులను దీవించును గాక.