తిరుత్తణి దారిలో బొగ్గు నలుసు

మద్రాసు నుంచి తిరువళ్లూరు, అరక్కోణం మీదుగా తిరుత్తణికి పొగబండిలో పోయేటప్పుడు కిటికీ సీటు కోసం పోట్లాడుకునేవాళ్లం. గెలిచినవాడి కంట్లో బొగ్గు నలుసు పడేది. అమ్మమ్మ కొంగు చివర ముడిచి, నోటి ఆవిరితో కాచి అద్దేది.

మామయ్య రైల్వేలో ఫైర్‌మన్. "మనం వేసే బొగ్గులో వందకు పది పాళ్ల వేడి కూడా చక్రానికి అందదురా" అనేవాడు. కదలడానికి గంటల ముందే నిప్పు రాజేయాలి, దారిలో నీళ్లు పట్టాలి, బూడిద లాగాలి. డీజిల్‌కి ఆ బాధల్లేవు. 1962లో అమెరికా నుంచి డబ్ల్యూడీఎం-2 ఇంజన్లు వచ్చాయి. 1972తో చిత్తరంజన్‌లో ఆవిరి ఇంజన్ల తయారీ ఆగింది. ఈ దారిలో ఇప్పుడు కరెంటు బండ్లే.

డీజిల్‌కి మారిన తొలిరోజు మామయ్య చొక్కా మాయకుండా ఇంటికొచ్చాడు. మాకు వింత. ఆయన మాత్రం అరచేతుల్లో కాయలు తడుముకుంటూ, "ఇక పారకు పనేముందిరా" అన్నాడు.