ఇంటికొచ్చిన ఆజానుబాహువు

మన సంఘంలో వీణ వాయించేవాళ్ళున్నారు, పెరట్లో గోంగూర పండించి అందరికీ పంచేవాళ్ళున్నారు, సంక్రాంతి వచ్చిందంటే ఇంటినిండా బొమ్మల కొలువు పెట్టేవాళ్ళున్నారు. బొంతలు కుట్టేవాళ్ళం మాత్రం మేమొక్కళ్ళమే కాబోలు. "ఇంత చదువు చదివి బొంతలు కుట్టడమేమిటండీ?" అని ఉగాది భోజనాల దగ్గర నలుగురూ నవ్వితే, "ఆ సంగతే వ్రాసివ్వండి" అని సంపాదకులు పట్టుకున్నారు. ఇంట్లో ఇద్దరం కలిసి చేసే పని కనుక "మేము" అనే వ్రాస్తున్నాం. వైద్యం చేసేది ఒకరే. మిషనుకి నూనె వేసేది రెండోవారు.

బొంత మనకి కొత్తది కాదు గదా. పాత చీరలు, పంచెలు పొరలు పొరలుగా పరిచి, అంచులు లోపలికి మడిచి, పెద్ద సూదితో బారుగా కుట్లు వేస్తే బొంత. చంటిపిల్లల కింద వేసేదీ అదే, చలికాలంలో తాతగారు కప్పుకునేదీ అదే. బెంగాల్లో కాంథా, ఉత్తర కన్నడ జిల్లాలో సిద్దీల కవంది ఆ జాతివే. ఈ దేశంలో అలబామా రాష్ట్రంలోని గీస్ బెండ్ అనే పల్లెలో నల్లజాతి స్త్రీలు చిరిగిన పని బట్టలతో కుట్టుకున్న క్విల్టులను 2002లో హ్యూస్టన్ లోనూ, న్యూయార్కు విట్నీ మ్యూజియంలోనూ గోడలకు వేలాడదీసి చూపించారు. మన అమ్మమ్మల బొంతలకు అలాంటి గోడ దొరకలేదు గాని, పుట్టుక ఒక్కటే. చేతిలో ఉన్న గుడ్డని పారెయ్యలేని ఇల్లాలి బుద్ధి.

మాకు ఈ పిచ్చి పట్టడానికి కారణం వీసా అని చెబితే నమ్మాలి. గుంటూరు మెడికల్ కాలేజీలో చదివి, ఇక్కడ జె-1 వీసా మీద రెసిడెన్సీ చేసినవాళ్ళు రెండేళ్ళు స్వదేశానికి పోయి ఉండాలి. లేదా డాక్టర్లు చాలని చోట మూడేళ్ళు పని చేయాలి. కాన్రాడ్ పథకం అంటారు. 1994లో మొదలయింది. రాష్ట్రానికి ఏడాదికి ముప్ఫై మందికి అవకాశం. ఆ దారిన 2022లో పడమటి కెంటకీలో ఒక చిన్న ఊరు చేరాం. తెలుగువాళ్ళు లేరు, కరివేపాకు లేదు, గుడి ఉన్న ఊరికి గంటల ప్రయాణం. కాని నలభై నిమిషాల దూరంలో పడూకా ఉంది.

ఒహాయో, టెనెసీ నదులు కలిసే చోట ఉన్న ఈ ఊరు క్విల్టులవారికి కాశీ వంటిది. అమెరికన్ క్విల్టర్స్ సొసైటీ 1984లో ఇక్కడే పుట్టింది. మరుసటి ఏడు మొదటి ప్రదర్శన. 1991లో మ్యూజియం తెరిచారు, 2008లో దానికి జాతీయ మ్యూజియమని కాంగ్రెసు గుర్తింపునిచ్చింది. 2013లో యునెస్కో వారు హస్తకళల నగరాల జాబితాలో ఈ ఊరిని చేర్చారు. ఏప్రిల్ నెలలో క్విల్టుల తిరునాళ్ళ జరుగుతుంది. ఆ రోజుల్లో ఊళ్ళో హోటలు గది దొరకడం తిరుపతిలో బ్రహ్మోత్సవాలప్పుడు దొరికినట్లే.

చేతితో కుట్టాలా, మిషనుతోనా అన్న తగవు ఇక్కడ చాలాకాలం నడిచింది. 1989లో కారిల్ బ్రయర్ ఫాలర్ట్ అనే ఆవిడ మిషను మీద కుట్టిన "కరోనా 2: సూర్యగ్రహణం" అనే క్విల్టుకి పడూకాలో అగ్రబహుమతి వచ్చేసరికి, చేతికుట్టు వారు గగ్గోలు పెట్టారట. మిషను కుట్టుకి ఆ బహుమతి రావడం అదే మొదలు. ఇవాళ ఆ తగవు చాలామటుకు చల్లారింది. మా ఇంట్లో మాత్రం ఆ తరువాత మళ్ళీ రాజుకుంది. ఆ కథ చెప్పేముందు మిషను సంగతి చెప్పాలి.

క్విల్టుకి మూడు పొరలు: ముక్కలు అతికిన పై బట్ట, మధ్యన దూది పొర, అడుగు బట్ట. ముక్కలు అతకడం మామూలు కుట్టు మిషను మీద అయిపోతుంది. చిక్కంతా మూడు పొరలూ కలిపి కుట్టడంలోనే. మామూలు మిషనులో సూదికీ, కుడివైపు స్తంభానికీ మధ్య ఎనిమిది, తొమ్మిది అంగుళాలే ఉంటుంది. ఆ సందులో పెద్ద మంచం దుప్పటిని చుట్టి దూర్చడమంటే మూలుగుతున్న దూడను కిటికీలోంచి ఇంట్లోకి తీసుకురావడమే. లాంగ్ ఆర్మ్ మిషనులో ఆ చోటు పదహారు నుంచి ఇరవై ఆరు అంగుళాల దాకా ఉంటుంది. అసలు కిటుకు మరొకటి. బట్ట కదలదు, మిషనే కదులుతుంది. పదడుగుల చట్రానికి బట్టని మగ్గం మీద పడుగులాగా బిగించి, చక్రాల మీద నడిచే మిషనుని రెండు పిడులతో పట్టుకుని, కలం పట్టి వ్రాసినట్లు కుట్లు వ్రాసుకుంటూ పోవడం. లాంగ్ ఆర్మ్ అంటే మేము "ఆజానుబాహువు" అని పేరు పెట్టుకున్నాం.

ఇక వేడుకకి కుట్టుకునేవాళ్ళు ఇంత యంత్రం కొనవచ్చునా? మా వారు కాగితం, కలం పట్టుకున్నారు. మిషను ఉన్నవాళ్ళు కూలికి కుట్టిపెడతారు, చదరపు అంగుళానికి ఇన్ని సెంట్లని. మూడు సెంట్లనుకుంటే ఎనభై అంగుళాల వెడల్పు, తొంభై అంగుళాల పొడవు క్విల్టుకి 7,200 చదరపు అంగుళాలు, అంటే 216 డాలర్లు. మిషనూ చట్రమూ కలిపి పదిహేను వేలనుకుంటే డెబ్భై క్విల్టుల కూలి. ఏడాదికి నాలుగు కుడితే పదిహేడేళ్ళు దాటుతుంది! "మంచం ఉన్నంతవరకే కాళ్ళు చాచుకోవాలి" అని కాగితం మడిచేశారు. లెక్కలో తప్పు లేదు. అయితే కూలికిచ్చి కుట్టించుకోకూడని బట్ట మా ఇంట్లో ఒక పెట్టెనిండా ఉంది.

అవి మా అమ్మ చీరలు. అమ్మ ముప్ఫై ఏళ్ళు బడిపంతులమ్మగా చేసింది. అన్నీ నేత చీరలే: మంగళగిరివి, వెంకటగిరివి, ఒకటి రెండు ఉప్పాడవి. గంజిపెట్టి, ఇస్త్రీ చేసి, పిన్నులు పెట్టుకుని బడికి పోయేది. 2021 మే నెలలో పోయింది. అప్పుడు మేము ఇంకా రెసిడెన్సీలో ఉన్నాం. మే 4 నుంచి భారతదేశంలో ఉండి వచ్చే వీసాదారులను అమెరికా రానివ్వలేదు. వెళితే తిరిగి రావడం లేదు. ఆ వారమంతా ఇక్కడ ఎవరెవరి తల్లుల పక్కనో మాస్కులు కట్టుకుని చెయ్యి పట్టుకు కూర్చున్నాం. మా తల్లిని మాత్రం ఫోను అద్దంలో చూశాం. మరుసటేడు నాన్న ఒక పెట్టె పంపారు. పద్నాలుగు చీరలు. తెరిస్తే గంజి వాసన. మూసేశాం.

ఆ పెట్టె ఏడాది అలాగే ఉంది. కట్టుకోవడానికి చేతులు రావు, దాచుకుంటే మడతల దగ్గర చీలిపోతాయి. మా ఆస్పత్రిలో పనిచేసి రిటైరైన నర్సమ్మ ఒకావిడ పడూకా వెళ్ళినప్పుడల్లా మమ్మల్ని వెంట తీసుకుపోయేది. "బొంత చేసుకోండి" అన్నదావిడే.

గుంటూరులో ఉన్న పిన్నికి ఫోను చేసి చెప్పాం. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "అక్కయ్య చీరలకి కత్తెర పెడతావటే?" అంది.

"కత్తెర పెట్టకపోతే పురుగు పెడుతుంది పిన్నీ."

"పెడితే పెట్టనీ. పోనీ కుట్టదలుచుకుంటే చేత్తో కుట్టు. మా అమ్మ చేత్తోనే కుట్టింది. మిషను కింద పెడితే బొంతా అది? పరుపు కొట్టువాడి సరుకు."

పిన్ని మాట తీసెయ్యడానికి వీల్లేదు. చేతికుట్టులో కూర్చున్న గంటలన్నీ ఆ గుడ్డలోకి పోతాయి. అయితే మా లెక్క మాకుంది. రాత్రి డ్యూటీలు పోగా వారానికి మూడు గంటలు మిగిలితే గొప్ప. పద్నాలుగు చీరలకు చేతికుట్టు అంటే మా అమ్మాయి పెళ్ళినాటికి కూడా తేలదు. అదీగాక అన్నయ్యకొకటి, నాన్నకొకటి, పిన్నికొకటి చెయ్యాలని మా కోరిక. నాన్నకి డెబ్భై నాలుగేళ్ళు. ఆయన కప్పుకోవాలి గదా.

కొనకుండా మిషను వాడుకునే దారి ఉందని అప్పుడు తెలిసింది. చాలా క్విల్టు దుకాణాల్లో ఒక పూట తరగతికి హాజరైతే, ఆ తరువాత గంటల లెక్కన అద్దెకిస్తారు. ఏడాది అలాగే నేర్చుకున్నాం. పాత దుప్పట్ల మీద, గుడ్డ చవక దొరికిన చోట కొన్న తానుల మీద. మిషనుని తోసే వేగాన్ని చక్రాల దగ్గర పసిగట్టి సూదిని అదే వేగంతో ఆడించే అమరిక ఒకటుంది. స్టిచ్ రెగ్యులేటర్ అంటారు. అంగుళానికి పది కుట్లు అని పెడితే, మెల్లిగా తోసినా గబగబా తోసినా పదే పడతాయి. అది లేని మిషను కొత్తవాళ్ళకి వద్దు. మిషను వెనకవైపు నిలబడి, కాగితం మీద గీసిన తీగని ఎర్రటి కాంతిచుక్కతో వెంబడిస్తూ పోతే ముందువైపు అదే తీగ బట్ట మీద పడుతుంది. ముగ్గు వెయ్యడం వచ్చిన చేతికి ఇది త్వరగా పట్టుబడుతుంది. మెలికల ముగ్గులో చెయ్యి ఎత్తకుండా పోవడమే ఇక్కడా విద్య. శస్త్రవైద్యులకు ఇది ఇంకా సులువనుకునేరు! అక్కడ వేళ్ళతో పని, ఇక్కడ భుజాలతో, నడుముతో. చట్రం ఎత్తు మోచేతికి సరిపెట్టుకోకపోతే మర్నాడు మెడ పట్టేస్తుంది.

ఏడాది తరువాత ఒక పెద్దావిడ పిల్లల ఊరికి వెళ్ళిపోతూ తన మిషను అమ్మజూపితే సగం ధరకి కొన్నాం. కొత్తవి కొనేవారికి మిస్సోరీలో వెస్ట్ ప్లెయిన్స్ వారి గామిల్, అయొవాలో కారల్ వారి ఏపీక్యూఎస్, యూటా వారి హ్యాండీ క్విల్టర్, ఇంకా బెర్నీనా, జనోమి ఉన్నాయి. ఏది కొన్నా చూసుకోవలసినవి నాలుగే అని మాకు తోచింది.

మొదటిది, చోటు. పదడుగుల చట్రానికి రెండు చివరలా, ముందూ వెనకా మనిషి నడిచే దారి వదలాలి. బేస్మెంటు ఉంటే సరి. లేకపోతే బల్లకి అమర్చి కూర్చుని కుట్టే రకం ఉంది. అందులో బట్టని మనమే కదపాలి గాని, చోటు చాలా తక్కువ. రెండోది, చెయ్యి పొడవు. ఇరవై అంగుళాలని వ్రాసి ఉన్నా, కుట్టిన బట్ట చుట్టుకుంటున్న కొద్దీ ఆ చోటు తగ్గుతుంది. అందుకని పెద్ద దుప్పట్లు కుట్టేవారికి పద్దెనిమిదికి తక్కువ వద్దు. మూడోది, మరమ్మతు చేసేవాడు ఎంత దూరంలో ఉన్నాడు? నాలుగోది, మీరు ఈ ఊళ్ళో ఎన్నాళ్ళుంటారు? వీసా మీద ఉన్నవాళ్ళకి ఈ నాలుగోదే పెద్దది. పదడుగుల చట్రం విప్పి కట్టడం కంటే సంసారం విప్పి కట్టడం తేలిక. మాకు మూడేళ్ళ గడువు 2025లో తీరింది. ఇక్కడే ఉండిపోయాం. అందులో ఆజానుబాహువు వాటా కూడా కొంత ఉంది.

చీరల దగ్గరికి వద్దాం. చీర మన క్విల్టుల కోసమే నేసినట్లుంటుంది. అయిదున్నర మీటర్లంటే 216 అంగుళాలు. సగానికి చేస్తే 108 అంగుళాల ముక్కలు రెండు. పక్కపక్కన అతికితే వెడల్పు తొంభైకి దగ్గర. అడుగు బట్ట నాలుగు పక్కలా నాలుగేసి అంగుళాలు ఎక్కువ ఉండాలి కనుక ఎనభై అంగుళాల క్విల్టుకి ఒక చీర సరిగ్గా సరిపోతుంది. పై బట్టకి వాడే పాత నేత పలచన. దానికి వెనక సన్నని అతుకుగుడ్డ ఇస్త్రీతో అంటించాలి. జరీ మీద కుడితే సూది మొద్దుబారుతుంది, దారం తెగుతుంది. అందుకని జరీ అంచులు విడిగా తీసి, చివరికి చుట్టూ చేతితో కుట్టాలి.

ఆ మాట పిన్నికి చెప్పాం. "మధ్యంతా మిషను, అంచులు చెయ్యి" అని. "అంచులు నాకు పంపు" అంది పిన్ని. అంతే. ఇంకేమీ అనలేదు.

కుట్టిన వాటిని మొన్న జనవరిలో మేమే గుంటూరు తీసుకువెళ్ళాం. పిన్ని పదహారు రోజులు వసారాలో కూర్చుని మూడింటికీ అంచులు కుట్టింది. చత్వారం అద్దాలు పెట్టుకుని, మా మిషను కుట్లు వేలితో తడిమి చూస్తూ, "అంగుళానికి పదే. మా అమ్మకి ఆరే పడేవి" అని ఒప్పుకుంది. నాన్న తన బొంతని కప్పుకోలేదు. ఎండ మడతలోకి రాకుండా పరిచి, ఒక్కొక్క ముక్క మీదా వేలు పెట్టి, "ఇది స్కూలు వార్షికోత్సవానిది, ఇది మీ అన్నయ్య పుట్టినప్పటిది" అని చెప్పుకుంటూ పోయారు. పద్నాలుగు చీరల చరిత్ర మాకు అప్పుడు తెలిసింది. పెట్టెలో ఉన్నన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదు.

వైద్యులుగా ఒక మాట. చంటిపిల్లలకి బొంత కుట్టిస్తే సంతోషమే గాని, ఏడాది లోపు పిల్లలు పడుకునే తొట్టిలో కప్పుడు బట్టలేవీ వేయవద్దని ఇక్కడి పిల్లల వైద్య సంఘం చెబుతున్నది. నేల మీద పరిచి ఆడించడానికి వాడండి.

మీ ఇళ్ళలోనూ మూసిన పెట్టెలు ఉండే ఉంటాయి. చీరలో, పంచెలో, మామగారి లాల్చీలో. ముక్కలు అతికి తెచ్చుకుంటే మా చట్రం మీద కుట్టుకోవచ్చు, కూలి లేదు. ఆదివారాలు మధ్యాహ్నం ఖాళీ. భోజనానికి ఉండేవాళ్ళు ముందుగా ఒక మాట చెప్పండి. వచ్చేటప్పుడు కరివేపాకు ఉంటే తీసుకురండి.