గోళ్లున్న పక్షి

రెక్క తెగిన పక్షి అనగానే మన కవిత్వంలో స్త్రీ గుర్తొస్తుంది. ఆ ప్రతీక మీద నా సిద్ధాంతగ్రంథంలో ఒక అధ్యాయమే ఉంది. నేను చదివిన ఆ కవితల్లో పక్షికి గోళ్లుండవు.

ఈ ఏడాది కనుమనాడు హైదరాబాదులో మా మేడమీద, నీళ్ల ట్యాంకు పక్కన పడివున్నది మాత్రం గద్ద. చైనా మాంజా రెక్కలోకి కోసుకుపోయింది. 2017లోనే జాతీయ హరిత ట్రిబ్యునల్ దేశమంతటా నిషేధించిన నైలాన్ దారం అది!

"కోడిపిల్లల్ని తన్నుకుపోయేదానికి సేవలేమిటే?" అంటూనే అమ్మ పాత నేతచీర తెచ్చిచ్చింది. అది తలమీద కప్పగానే పెనుగులాట తగ్గింది. గద్దకి ముక్కుకన్నా గోళ్లే ఆయుధం. కాళ్లు అదిమిపట్టి, గాయంలోని దారం లాగకుండా, వేలాడేదాన్ని కత్తిరించి, చిల్లులు పొడిచిన అట్టపెట్టెలో పెట్టాం. తిండి పెట్టకూడదు. నోట్లో నీళ్లు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. నిమరకూడదు, మన స్పర్శ దానికి వేటగాడి పట్టే.

తినిపించడం, తల నిమరడం, రాత్రంతా పక్కన కూర్చోవడం - సేవంటే ఇదేనని కదా ఆడపిల్లలకి నేర్పారు! ఇక్కడ చేయగలిగింది చీకటీ నిశ్శబ్దమూ ఇచ్చి, తలుపు వేసి బయటికి రావడమే. అమ్మకిది అసలు మింగుడుపడలేదు. నాకూ చేతులు ఊరుకోలేదు.

అడవిపక్షిని ఇంట్లో ఉంచుకోవడానికి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పుకోదు. సాయంత్రం అటవీశాఖ వాళ్లకి అప్పగించాం.

రెండురోజులాగి అమ్మే నాచేత ఫోన్ చేయించింది. రెక్కలో నరం తెగిందట. ఇక ఎగరదట.